రెండుసార్లు గోరు తీయించుకున్నా తగ్గని బొటనవేలు: ఒక కేసు

కాలి బొటనవేలి గోరు అంచు పక్క కండలోకి దిగబడుతుంది. అక్కడ వాచి, చీము పట్టి, మనిషిని సరిగా నడవనివ్వదు. ఈ బాధతో మా ఓపీకి ఎవరో ఒకరు రాని వారం ఉండదు. ప్రాణం మీదికి తెచ్చే జబ్బు కాదు కాబట్టి దీని గురించి ఎవరూ పెద్దగా రాయరు, మాట్లాడరు. ఆ కారణంగానే తప్పు వైద్యం ఏళ్ల తరబడి సాగిపోతుంది. ఈ కుర్రాడి విషయంలో అదే జరిగింది. యాంటీబయాటిక్స్ కోర్సుల మీద కోర్సులు వాడాడు, రెండుసార్లు గోరు మొత్తం తీయించుకున్నాడు. అసలు కారణం జోలికి మాత్రం ఎవరూ పోలేదు. అతని అనుమతితో ఈ కేసు రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. నేను పల్నాడు జిల్లాలో జనరల్ సర్జన్‌ని.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు 21. డిగ్రీ పూర్తయింది, కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతున్నాడు. రాత పరీక్ష మొదటి మెట్టు దాటాడు. దేహదారుఢ్య పరీక్షకు సుమారు పది వారాల గడువుంది. అందులో 1600 మీటర్ల పరుగు ఉంటుంది. అందుకని రోజూ తెల్లవారుజామునే సాగర్ కుడి కాలువ కట్ట మీద పరుగు తీస్తున్నాడు. కుడి బొటనవేలు నేలకు ఆనించలేక మడమ మీద బరువు మోపి కుంటుకుంటూ లోపలికొచ్చాడు. వెంట తల్లి ఉంది. మిరప కోతలకు వెళ్లే మనిషి.

"మూడేళ్ల నుంచీ ఇదే బాధండీ. గోరుచుట్టు అనుకుని మొదట్లో నిమ్మకాయ తొడిగాం, పసుపూ సున్నం కలిపి పెట్టాం. తగ్గినట్టే తగ్గుద్ది, మళ్లీ లేస్తది" అందామె.

కుర్రాడిది ఒకటే మాట. "గోరు మొత్తం తీసేయండి సార్. ఈసారి మళ్లీ రాకుండా తీసేయండి. నాకు టైం లేదు."

తీరిగ్గా అడిగితే కథంతా బయటికొచ్చింది. డిగ్రీ మొదటి ఏడాదిలో కుడి బొటనవేలి గోరు బయటి మూల గుచ్చుకోవడం మొదలైంది. బ్లేడు పెట్టి ఆ మూల కోసేసుకున్నాడు. నాలుగు రోజులు హాయిగా ఉంది. గోరు కాస్త పెరగ్గానే మళ్లీ అదే నొప్పి. ఈసారి ఇంకాస్త లోపలికి కోశాడు. అలా కోస్తూ పోగా చీము పట్టింది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్లు, మాత్రలు ఇచ్చాడు. తగ్గకపోతే టౌన్‌లో ఒక క్లినిక్‌లో గోరు మొత్తం తీశారు. ఏడెనిమిది నెలలు బాగుంది. కొత్త గోరు వేలి చివరికి చేరుతుండగా మళ్లీ మొదలైంది. ఇంకోచోట ఇంకోసారి గోరు తీశారు. మళ్లీ అంతే. ఈసారి మునుపటికన్నా ఎక్కువగా వచ్చింది, ఎందుకంటే ఆరు నెలల నుంచి పరుగు తోడైంది.

కవర్లో పెట్టుకొచ్చిన చీటీలన్నీ చూశాను. అమాక్సిసిలిన్-క్లావులనేట్ అనే యాంటీబయాటిక్ మళ్లీ మళ్లీ కనిపించింది. ప్రతిసారీ మూడు నాలుగు రోజులకు ఎరుపు తగ్గేదట, మాత్రలు ఆపిన వారానికల్లా నొప్పి తిరిగొచ్చేదట.

ఇంకొన్ని ప్రశ్నలు తప్పనిసరిగా అడగాలి. షుగర్ ఉందా? లేదు. బీడీ, సిగరెట్ అలవాటుందా? లేదు. మొటిమలకు మాత్రలు వాడాడా? లేదు. ఐసోట్రెటినోయిన్ అనే మొటిమల మందు వాడేవారిలో గోరు పక్క ఇలాగే దుర్మాంసం పెరిగే అవకాశం ఉంది. క్యాన్సర్‌కు వాడే జెఫిటినిబ్, సెటుక్సిమాబ్ వంటి మందులతోనూ అంతే. అలాంటప్పుడు గోరు జోలికి వెళ్లేముందు మందు సంగతి చూడాలి. కాళ్లకు చెమట ఎక్కువగా పడుతుందా అంటే, సాక్స్ పిండితే నీళ్లొస్తాయన్నాడు. ఈ వయసు మగపిల్లల్లో ఈ జబ్బు ఎక్కువగా కనిపించడానికి ఆ చెమట కూడా ఒక కారణం. నానిన చర్మం మెత్తబడుతుంది, గోరు అంచు సులువుగా దిగబడుతుంది.

పరీక్ష

కుడి బొటనవేలు, రెండో వేలి వైపున్న మూల. గోరు పక్క చర్మం ఉబ్బి గోరు అంచు మీదికి ఎక్కింది. దాని కింద నుంచి ఎర్రగా, తడిగా, బఠాణీ గింజంత దుర్మాంసం. దూది తగిలిస్తే చాలు రక్తం కారుతోంది. కొంచెం చీము. గోరు కూడా బాగా వంపు తిరిగింది. రెండో పక్క అంచు బాగానే ఉంది. ఎరుపు వేలి వరకే ఉంది, పాదం మీదికి పాకలేదు. జ్వరం లేదు, గజ్జల్లో బిళ్లలు లేవు.

పాదం మీద నాడి, చీలమండ వెనక నాడి రెండూ చేతికి స్పష్టంగా అందాయి. ఈ రెండు నాడులు చూడకుండా కాలి వేలి మీద కత్తి పెట్టకూడదని నా జూనియర్లకు గట్టిగా చెప్తాను. మన దగ్గర బీడీ అలవాటున్న ముప్పై, నలభై ఏళ్ల మగవాళ్లలో బర్జర్స్ వ్యాధి ఉంటుంది. కాళ్ల రక్తనాళాలు మూసుకుపోయే జబ్బు. దానివల్ల మానని వేలి పుండు చూడ్డానికి ఒక్కోసారి గోరు జబ్బులాగే ఉంటుంది. రక్తం అందని వేలి గోరు తీస్తే ఆ గాయం మానదు, వేలు నల్లబడుతుంది. పాదం చల్లగా ఉండి, నాడి అందకపోతే ముందు డాప్లర్ (రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) చేయించాలి, గోరు సంగతి ఆ తర్వాత.

రక్తంలో షుగర్ మామూలుగానే ఉంది. చీము కల్చర్‌కి (ఏ క్రిమో తేల్చే పరీక్షకు) పంపలేదు, దానివల్ల వైద్యం మారదు. ఎక్స్‌రే మాత్రం తీయించాను. మొదటిసారి వచ్చే గోరు నొప్పికి ఎక్స్‌రే అక్కర్లేదు. మూడేళ్లుగా తగ్గనిదానికి అవసరం. గోరు కింద ఎముక నుంచి చిన్న బొడిపె పెరిగి గోరును పైకి నెట్టే జబ్బు ఒకటుంది. అది కుర్రవాళ్లలో, బొటనవేలికే ఎక్కువగా వస్తుంది. చీము ఎముకలోకి దిగిందేమో కూడా చూడాలి. ఇతనికి రెండూ లేవు.

ఈ జబ్బును హైఫెట్జ్ అనే సర్జన్ 1937లో మూడు దశలుగా విడదీశాడు. ఇప్పటికీ మేం ఆ లెక్కే వాడతాం. మొదటి దశలో ఎరుపు, వాపు, నొక్కితే నొప్పి. రెండో దశలో చీము, రసి. మూడో దశలో దుర్మాంసం పెరిగి, పక్క చర్మం మందంగా ఉబ్బిపోతుంది. ఇతనిది మూడో దశ.

గోరు పక్కన అసలేం జరుగుతుంది

గోరు చచ్చిన పదార్థం. దానికి ప్రాణం ఉన్నది వెనక, చర్మం కింద దాగిన మొదలు దగ్గరే. దాన్ని మేట్రిక్స్ అంటాం. గోరు అక్కడ పుట్టి ముందుకు జరుగుతుంది. బొటనవేలి గోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు పెరుగుతుంది. మొత్తం కొత్త గోరు రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది.

గోరు మూలను గుండ్రంగా లోపలికి కోసినప్పుడు, కత్తెరకు గానీ బ్లేడుకు గానీ అందని చోట చిన్న మొన మిగిలిపోతుంది. పైన కనిపించదు. గోరు ముందుకు జరిగేకొద్దీ ఆ మొన పక్క కండలోకి దిగుతుంది. కాల్లో ముల్లు విరిగి ఉండిపోతే ఏమవుతుందో ఇక్కడా సరిగ్గా అదే అవుతుంది. లోపలున్న పరాయి వస్తువును బయటికి తోసేయాలని శరీరం చూస్తుంది. వాపు, రసి వస్తాయి. ఆపైన సూక్ష్మక్రిములు చేరి చీము పడుతుంది. మానడానికి పెరిగిన లేత కండ, మానే వీల్లేక దుర్మాంసంగా మిగులుతుంది.

యాంటీబయాటిక్‌తో క్రిములు తగ్గుతాయి, ఎరుపు తగ్గుతుంది. మొన మాత్రం అక్కడే ఉంటుంది. ఇతని చీటీలన్నిట్లో కనిపించిన కథ ఇదే. మందు పనిచేయలేదని కాదు, ఆ మందుకు అక్కడ చేయగలిగిన పని అంతే.

మరి గోరు మొత్తం తీసేస్తే మొన కూడా పోయింది కదా, మళ్లీ ఎందుకొచ్చింది? ఇది చాలామంది అడిగే ప్రశ్న. జవాబు రెండు భాగాలు. ఒకటి, గోరు తీసినా మేట్రిక్స్ అలాగే ఉంది. అదే వెడల్పుతో, అదే వంపుతో గోరు మళ్లీ పుడుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. నడిచేటప్పుడు వేలి చివరి కండ పైకి లేవకుండా అదిమిపెట్టేది గోరే. గోరు లేని ఆ నెలల్లో వేలి చివర కండ పైకి ఉబ్బుతుంది. కొత్త గోరు ముందుకొచ్చేసరికి దారికి అడ్డంగా గట్టులా నిలుస్తుంది. అందుకే గోరు మొత్తం తీసిన వాళ్లలో చాలామందికి మొదటికన్నా రెండోసారి జబ్బు గట్టిగా వస్తుంది. ఏడెనిమిది నెలలు హాయిగా ఉండటంతో వైద్యం ఫలించిందని అనుకుంటారు. నిజానికి గోరు ఇంకా అక్కడిదాకా రాలేదంతే.

కేవలం గోరు పీకేయడం ఈ జబ్బుకు వైద్యం కాదు. నేను ఈ కేసు రాయడానికి కారణం ఈ ఒక్క ముక్క. ఇప్పటికీ ఎంతోమందికి ఇదే చేస్తున్నారు.

ఏం చేయాలో నిర్ణయించడం

మొదటి దశ అయితే సర్జరీ వద్దనే చెప్పేవాణ్ని. రెండో దశలో కూడా చాలామందిలో వేడినీళ్లు, టేపు, దూది పద్ధతులు ప్రయత్నించొచ్చు. మూడో దశలో, అదీ రెండుసార్లు తిరగబెట్టాక, వాటితో కాలం గడపడం అన్యాయం.

సర్జరీల్లోనూ రకాలున్నాయి. గోరు అంచు, దాని మేట్రిక్స్ మూల, పక్క చర్మం కలిపి ముక్కగా కోసి కుట్లు వేసే పద్ధతి విన్‌గ్రాడ్ 1929లో రాసినది. పక్కన ఉబ్బిన కండను మాత్రమే పెద్దగా కోసి, గోరును ముట్టుకోని పద్ధతి ఇంకొకటి. నేను ఎంచుకున్నది, గోరు అంచును సన్నని పట్టీలా తీసి, ఆ పట్టీ పుట్టే మేట్రిక్స్ మూలను మాత్రం ఫీనాల్ అనే ఘాటైన రసాయనంతో కాల్చేయడం. ఫీనాల్‌ను ఈ పనికి 1945లో బోల్ అనే పాద వైద్యుడు ప్రతిపాదించాడు. గోరు తీయడానికి ఫీనాల్ జోడిస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని 2012 నాటి కాక్రేన్ సమీక్ష (ఒక అంశం మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూసే నివేదిక) 24 అధ్యయనాలు చూసి తేల్చింది. కుట్లుండవు, నొప్పి తక్కువ, చీమున్నా చేయొచ్చు, మనిషి అదే రోజు నడిచి ఇంటికెళ్తాడు. పది వారాల్లో పరుగెత్తాల్సిన కుర్రాడికి ఇవన్నీ కావలసినవే.

లోపం లేకపోలేదు. కాలిన చోట నుంచి రెండు మూడు వారాలు, కొందరిలో ఇంకా ఎక్కువ రోజులు, పల్చటి రసి కారుతుంది. గోరు ఎప్పటికీ కొంచెం సన్నగానే ఉంటుంది. నూటికి కొందరిలో మళ్లీ రావచ్చు. ఈ మూడూ తల్లికీ కొడుక్కీ కాగితం మీద బొమ్మ గీసి చెప్పాకే సంతకం తీసుకున్నాను. గోరు మొత్తం తీయనంటే కుర్రాడికి మొదట నమ్మకం కలగలేదు. "కొంచెమే తీస్తే మిగిలింది గుచ్చుకోదా సార్?" అన్నాడు. గుచ్చుకునేది ఆ పక్క మూడు మిల్లీమీటర్లేనని, మిగతా గోరు వేలి కండను అదిమిపెట్టడానికి ఉండాలని బొమ్మలో చూపిస్తే ఒప్పుకున్నాడు.

గర్భిణులకు ఫీనాల్ వాడను. ఫీనాల్ దొరకని చోట 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్ వాడే డాక్టర్లున్నారు, అదీ మంచి పద్ధతే.

మైనర్ ఓటీలో

కాలు సబ్బుతో కడిగించి, పోవిడోన్ అయోడిన్ పూశాం. ధనుర్వాతం రాకుండా వేసే టీడీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నాడో గుర్తులేదంటే అదీ ఇచ్చాం. మత్తుకు అడ్రినలిన్ కలపని 2 శాతం లిగ్నోకైన్ 4 మిల్లీలీటర్లు, వేలి మొదట్లో రెండు పక్కలా. అంటే 80 మిల్లీగ్రాములు. కుర్రాడి బరువు 64 కిలోలు. కిలోకు 3 మిల్లీగ్రాముల చొప్పున 190 దాకా వెళ్లొచ్చు కాబట్టి భయం లేదు. సూది వాచిన చోట గుచ్చకూడదు. చీమున్న చోట మత్తు సరిగ్గా ఎక్కదు, పైగా ప్రాణం పోయినంత నొప్పి. మొదటి రెండుసార్లు గోరు తీసినప్పుడు తనను ఇద్దరు పట్టుకున్నారని చెప్పాడు. ఇంజెక్షన్ ఇచ్చి పది నిమిషాలు ఆగే ఓపిక ఉంటే ఎవరూ పట్టుకోనక్కర్లేదు. ఫోర్సెప్స్‌తో గట్టిగా గిచ్చి చూశాం. తెలియలేదన్నాడు.

రక్తం ఆపడానికి గ్లవ్ చిటికెన వేలు కత్తిరించి, చివర చిన్న రంధ్రం చేసి, వేలికి తొడిగి మొదటిదాకా చుట్టుకుంటూ వచ్చాం. దానికి ఒక ఆర్టరీ ఫోర్సెప్స్ తగిలించి ఉంచాం. ఆ బరువైన పరికరం వేలాడుతుంటే ఆ రబ్బరు పట్టీ (టోర్నికే) తీయడం ఎవరూ మర్చిపోరు. కట్టు కింద మిగిలిపోయిన రబ్బరు బ్యాండు వేలికే ముప్పు. ఇది చిన్న జాగ్రత్త, కానీ వదలకూడనిది.

గోరు అంచు కింద గోరును పైకి లేపే సన్నని పరికరం (ఎలివేటర్) దూర్చి, గోరు కింది కండ (నెయిల్ బెడ్) నుంచి ఆ మూడు మిల్లీమీటర్ల మేర విడదీశాను. గోరు కత్తిరించే సన్నని కత్తెరతో ముందు నుంచి వెనక్కి, చర్మం కిందకు వెళ్లేదాకా తిన్నగా కోశాను. ఆ పట్టీని పట్టుకుని గోరు మధ్యవైపు మెల్లగా తిప్పుతూ లాగితే మొదలుతో సహా వచ్చింది. వచ్చిన ముక్కను వెంటనే చూడాలి. వెనక చివర వెడల్పుగా, తెల్లగా, మెత్తగా ఉంటే మొత్తం వచ్చినట్టు. గరుగ్గా విరిగినట్టుంటే లోపల ఇంకా మిగిలి ఉన్నట్టు.

ఇతని ముక్కలో చూడాల్సింది ముందు చివర కనిపించింది. గోరు అంచు నుంచి పక్కకు తిరిగి, సుమారు నాలుగు మిల్లీమీటర్ల మొన. బ్లేడు కోత ఆగిపోయిన చోటే మొదలైంది. ఆ మొన చుట్టూనే దుర్మాంసం పెరిగింది. గాజుగుడ్డ మీద పెట్టి, బయటికి పట్టుకెళ్లి తల్లికి చూపించాను. "ఇంత ముక్కకా మూడేళ్లు!" అని ఆమె దాన్ని వేలితో తాకి చూసింది.

తర్వాత దుర్మాంసం క్యూరెట్ అనే చిన్న చెంచా లాంటి పరికరంతో గీసి తీశాను. ఆ ముక్కను బయాప్సీకి పంపాను. మూడేళ్లు మానని చోటు ఏదైనా ఒకసారి సూక్ష్మదర్శిని కింద చూడటం మంచిది. రంగులేని మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) గోరు పక్కన ఇలాగే ఎర్రటి కండలా కనిపించి మోసం చేస్తుంది. వయసు పైబడినవారిలో అయితే బయాప్సీ అసలే మానకూడదు. ఇతని రిపోర్టు మామూలు దుర్మాంసమనే వచ్చింది.

ఫీనాల్ పెట్టేముందు ఆ చోటు పొడిగా ఉండాలి. రక్తం తడి ఉంటే ఫీనాల్ పనిచేయదు. తిరగబెట్టిన కేసుల్లో చాలావాటికి ఈ అజాగ్రత్తే కారణమని నా నమ్మకం. చుట్టూ చర్మానికి వాసెలిన్ రాశాం. సన్నని పుల్లకు కొంచెం దూది చుట్టి, 88 శాతం ఫీనాల్‌లో ముంచి, కారకుండా పిండి, గోరు మొదటి మూలలోకి దూర్చి ఒక నిమిషం తిప్పుతూ రుద్దాను. తీసి, ఆరనిచ్చి, కొత్త దూదితో మళ్లీ. అలా మూడుసార్లు. ఎర్రటి కండ బూడిద కలిసిన తెల్లరంగుకు మారింది. ఆపైన స్పిరిట్‌తో బాగా కడిగి, టోర్నికే తీశాం. క్షణాల్లో వేలు గులాబీ రంగుకొచ్చింది. పారఫిన్ పూసిన గాజుగుడ్డ, దాని మీద దళసరి కట్టు.

యాంటీబయాటిక్ రాయలేదు. పారాసిటమాల్ 650 మాత్రమే రాశాను. తల్లి చీటీ అటూ ఇటూ తిప్పి చూసి, "చీముకి మాత్రలు రాయలేదేంటండీ?" అంది. మొన పోయాక చీము దానంతటదే ఆగుతుందని చెప్పాను. పైన చెప్పిన కాక్రేన్ సమీక్షలో కూడా, సర్జరీ తర్వాత ఇచ్చే యాంటీబయాటిక్స్ వల్ల ఇన్ఫెక్షన్‌లో గానీ, మానే వేగంలో గానీ చెప్పుకోదగ్గ లాభం తేలలేదు. ఎరుపు పాదం మీదికి పాకుతుంటే, జ్వరం ఉంటే, షుగర్ ఉంటే, వ్యాధి నిరోధక శక్తి తగ్గి ఉంటే అప్పుడు ఇవ్వాలి. ఇతనికి అవేవీ లేవు.

ఆ తర్వాతి వారాలు

మొదటి రోజు కాలు దిండు మీద ఎత్తి పెట్టుకున్నాడు. రెండో రోజు కట్టు విప్పాం. అప్పటి నుంచి ఇంట్లోనే రోజుకు రెండుసార్లు, గోరువెచ్చని ఉప్పునీళ్లలో పది పదిహేను నిమిషాలు కాలుపెట్టి, మెత్తగా అద్ది ఆరబెట్టి, వాసెలిన్ రాసి చిన్న గాజుగుడ్డ చుట్టుకోవడం. వేళ్లు బయటికి ఉండే చెప్పులు మాత్రమే. పసుపు, సున్నం, పౌడరు ఏదీ వద్దని రెండుసార్లు చెప్పి పంపాను. సున్నం కాలిన చోట మళ్లీ కాల్చుతుంది.

ఎనిమిదో రోజు ఫోన్ చేశారు. "ఇంకా కారతానే ఉందండీ, మళ్లీ చీము పట్టినట్టుంది." రమ్మన్నాను. పల్చగా, లేత గోధుమరంగులో ఉన్న రసి. నొప్పి లేదు, వేలు వేడిగా లేదు, ఎరుపు అంచు వరకే. ఫీనాల్ కాలిన గాయం కారేది ఇలాగే. ఈ దశలో దాన్ని ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ మొదలుపెట్టేస్తుంటారు. తేడా తెలిసేది నొప్పి వల్ల. రోజురోజుకూ నొప్పి తగ్గుతుంటే రసి ఉన్నా ఫర్వాలేదు. తగ్గిన నొప్పి మళ్లీ పెరుగుతుంటే, ఎరుపు పాకుతుంటే, జ్వరం వస్తే వెంటనే చూపించాలి.

మూడు వారాలు దాటేసరికి వేలు ఆరింది. నాలుగో వారం నుంచి నెమ్మదిగా పరుగు మొదలుపెట్టించాను. అయితే పాత షూ వేసుకోనని మాట ఇచ్చాకే.

ఆ షూ సంగతి

షూ తీసుకురమ్మని మొదటి రోజే చెప్పాను. అన్నయ్య వాడి వదిలేసిన జత. తెల్లకాగితం మీద కుర్రాణ్ని నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిల్‌తో గీశాను. ఆ గీత మీద షూ అడుగు పెట్టి చూస్తే, వేళ్ల దగ్గర పాదం గీత రెండు పక్కలా షూ అంచు దాటి బయటికొచ్చింది. బొటనవేలు రెండో వేలికి అదిమి ఉండేది. జబ్బున్న మూల సరిగ్గా ఆ ఒత్తిడి పడే చోటే. పరుగెత్తే ప్రతి అడుగుకూ వేలు షూ ముందు గోడకు తగులుతుంది. కట్ట దిగేటప్పుడు ఇంకా గట్టిగా. మిగతా వైద్యం ఎంత బాగా చేసినా, ఈ షూతో రెండో కాలికీ ఇదే వస్తుందని వాళ్లమ్మ ఎదుటే చెప్పాను. ఖర్చుకు వెనకాడే కుటుంబం. అయినా ఆమె ఆ కాగితం మడిచి పైట కొంగులో దోపుకుని, అదే తీసుకుని షాపుకెళ్లింది.

కొత్త షూ సాయంత్రం పూట కొనాలి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి అసలు కొలతకొస్తుంది. పరుగుకు వాడే సాక్స్ వేసుకునే తొడిగి చూడాలి. నిలబడ్డప్పుడు పొడవాటి వేలి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి, వేళ్లు కదిలించగలగాలి. లేసు బిగించి కట్టాలి, వదులుగా ఉంటే పాదం ముందుకు జారి ఖాళీ ఉండీ లేనట్టే అవుతుంది. బడి పిల్లల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. జూన్‌లో కొన్న బూట్లు జనవరికి బిగుసుకుపోతాయి, పిల్లలు చెప్పరు.

గోళ్లు తీసుకోవడం గురించి ఎంత చెప్పినా తక్కువే. బొటనవేలి గోరు అడ్డంగా, తిన్నగా తీయాలి. చివర సన్నని తెల్లగీత మిగలాలి, రెండు మూలలూ చర్మం పైన కంటికి కనిపించాలి. మూల గరుకుగా ఉంటే ఆకురాయితో రుద్దుకోవచ్చు గానీ లోపలికి కోయకూడదు. స్నానం చేశాక తీస్తే గోరు మెత్తబడి పగలదు. గుచ్చుకుంటోందని మూల కోసుకుంటే ఆ పూటకు సుఖం ఉంటుంది, కొత్త మొన తయారవుతుంది. పార్లర్లలో పెడిక్యూర్ పేరుతో మూలలు గుండ్రంగా తవ్వించుకుని వచ్చే అమ్మాయిల్నీ చూస్తున్నాను.

ఇదే వేలు అరవై ఏళ్ల షుగర్ రోగిదైతే

అప్పుడు లెక్క వేరు. షుగర్‌తో పాదం స్పర్శ తగ్గినవారికి నొప్పే తెలియదు, సాక్స్ మీద మరక చూసి వస్తారు. 10 గ్రాముల మోనోఫిలమెంట్‌తో (సన్నని నైలాన్ పోగుతో) స్పర్శ చూస్తాను, నాడులు చూస్తాను, షుగర్ అదుపులోకి తెస్తాను, ఎముకకు ఎక్స్‌రే తీయిస్తాను. రక్తప్రసరణ బాగుంటే వాళ్లకూ ఇదే ప్రొసీజర్ చేయొచ్చు, మానడం చూసుకోవడానికి త్వరత్వరగా పిలుస్తాను. ఇంట్లో బ్లేడు పట్టుకోవడం, ఎవరితోనో మూలలు తవ్వించుకోవడం వాళ్లు పూర్తిగా మానాలి. వేడినీళ్లలో కాలు పెట్టమనే సలహా కూడా వాళ్లకు జాగ్రత్తగా ఇవ్వాలి. స్పర్శ లేని పాదం కాలినా తెలియదు, నీళ్ల వేడి ఇంకొకరు చేత్తో చూడాలి. నడుం వంగని పెద్దవాళ్లకు, చూపు మందగించిన వాళ్లకు నెలకోసారి గోళ్లు తీసే పని ఇంట్లో ఒకరు తీసుకోవాలి.

ఎడమ కాలు

కుర్రాడు 1600 మీటర్లు గడువులోపు పరుగెత్తాడు. ఏడాదికి చూపించుకోవడానికి వచ్చినప్పుడు కుడి గోరు తిన్నగా, ఒక పక్క మూడు మిల్లీమీటర్లు సన్నగా ఉంది. దుర్మాంసం లేదు, నొక్కినా నొప్పి లేదు. చూసినవాళ్లకు తేడా తెలియదు.

ఎడమ బొటనవేలి మూల మాత్రం ఎర్రగా ఉంది. హడావుడిలో నెయిల్ కట్టర్‌తో మూల కొరికేశాడు. చీము లేదు, దుర్మాంసం లేదు. మొదటి దశ. దీన్నీ ఫీనాల్ పెట్టి కాల్చేయమని అడిగాడు. అక్కర్లేదన్నాను.

రోజుకు రెండుసార్లు గోరువెచ్చని నీళ్లలో పదిహేను నిమిషాలు పెట్టి, ఆరబెట్టి, పక్క చర్మాన్ని వేలితో గోరు నుంచి బయటికి లాగుతూ రుద్దమన్నాను. తర్వాత టేపు. సాగే టేపు సన్నని ముక్క తీసుకుని, ఒక కొస సరిగ్గా గోరు పక్క ఉబ్బిన చర్మం మీద, గోరుకు తగలకుండా అంటించాలి. దాన్ని గోరుకు దూరంగా, కిందికి లాగుతూ, వేలి అడుగునుంచి ఏటవాలుగా చుట్టి, వేలి మొదటి దగ్గర పైన ముగించాలి. వేలి చుట్టూ పూర్తి వలయంలా బిగించకూడదు, రక్తం ఆగుతుంది. సరిగ్గా అంటిస్తే గోరుకూ చర్మానికీ మధ్య సన్నని సందు కంటికి కనిపిస్తుంది. చెమటకు ఊడిపోతుంటుంది కాబట్టి రోజూ మార్చాలి. మొన దిగిన చోట చిన్న దూది పోగు గోరు అంచు కింద ఉంచాం, అదీ రోజూ మార్చేదే. ఓపీలోనే అతని చేత రెండుసార్లు చేయించి చూశాను. చెప్పి పంపితే సగం మంది టేపును వలయంలా చుట్టుకుంటారు.

మూడు వారాలకు ఎరుపు పోయింది. గోరు మూల చర్మం పైకి రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. అప్పటిదాకా పరుగు రోజుల్లో టేపు వేసుకోమన్నాను, వేసుకున్నాడు.